పసరుకు పరీక్షేటి అంటారా?

చర్మం మీద పూసే మూలికా మందులకు పరీక్షలు అక్కర్లేదన్న మాట ఉత్తరాంధ్రలో ఇప్పుడు ఎదురులేని మాటగా చెలామణీ అవుతోంది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం సంతల్లో డబ్బీలు అమ్మేవాళ్లు అంటే వాళ్ల వ్యాపారం అనుకోవచ్చు. పాలకొండలో, బొబ్బిలిలో, చీపురుపల్లిలో పిల్లలకు సైన్సు చెప్పే మేస్టార్లూ అంటున్నారు. విశాఖలో ఉద్యోగం చేసి రిటైరై సొంతూరు చేరిన పెద్దలూ అంటున్నారు. గిరిజనుల మీద నిజమైన ప్రేమతో రాసేవాళ్లూ అంటున్నారు. ఇంతమంది అనే మాటను మూఢనమ్మకమని విదిలించి పారేయడం మర్యాదా కాదు, తెలివీ కాదు. ముందు దాని బలమంతా దానికివ్వాలి.

వాళ్లనేది ఇదీ. కొండ మీద సవరలూ, జాతాపులూ, గదబలూ, కింద పల్లపు రైతులూ తెగిన గాయానికి గడ్డి చామంతి, పుండుకు పసుపూ వేపా, వాపుకు ఆముదపాకూ తరతరాలుగా వాడుతున్నారు. లక్షలమంది ఒంటి మీద జరిగిన ఆ వాడకమే అసలైన పరీక్ష. పైగా ఆకు ప్రకృతిసిద్ధం, మింగేది కాదు, పైపూతే. పనిచేస్తే మంచిది, చెయ్యకపోతే పోయేదేమీ లేదు. పూసిన రెండు రోజుల్లో మంట తగ్గడం కళ్లారా చూస్తున్నాం, దానికి మళ్లీ సాక్ష్యమేమిటి? ఇంగ్లీషు మందులు అన్ని పరీక్షలూ నెగ్గే వస్తున్నాయి, వాటికి లేవా దుష్ఫలితాలు? అదీగాక ఫార్మసీ కాలేజీల్లో ఎలుకల మీద చూసి రుజువు చేసేశారు. చివరిది, అన్నిటికన్నా బరువైనది: పరీక్షంటే లక్షల ఖర్చు, అది కంపెనీలకే చెల్లుతుంది, పరీక్ష తప్పనిసరి చేస్తే కొండవాడి చేతి మందు పోతుంది, అదే ఆకును రంగు పెట్టెలో పెట్టి కంపెనీవాడు మనకే అమ్ముతాడు.

తాతల అనుభవం ముందు ఎలుకల పరీక్ష దిగదుడుపని ఒకసారీ, ఎలుకల మీద తేలిపోయింది కాబట్టి ఇక చాలని ఇంకోసారీ అనడం ఎలా కుదురుతుందో వాళ్లే చెప్పాలి. సరే, ఒక్కొక్కటే చూద్దాం.

1. తరతరాల వాడకమే పరీక్ష

గాయం మానడం ఒంటికి పుట్టుకతో వచ్చిన విద్య. కొడవలి తగిలి తెగిన వేలు ఏమీ పూయకపోయినా మూడు నాలుగు రోజులు వాచి ఎర్రబడుతుంది, తర్వాత కొత్త కండ పడుతుంది, రెండు మూడు వారాల్లో పైచర్మం కప్పేస్తుంది. ఈ మధ్యలో ఏది పూస్తే దానికి పేరొస్తుంది. పూశాక మానింది అనడం వేరు, పూసినందువల్ల మానింది అనడం వేరు. ఆ రెంటినీ విడదీయాలంటే వందేళ్ల వాడకం చాలదు. పూసినవాడి పక్కన పూయనివాణ్ని కూడా నిలబెట్టి చూడాలి. మన తాతలు అలా చూడలేదు. అందుకు వాళ్లను తప్పుపట్టడానికి లేదు, నెత్తురు కారుతూ ఇంటికొచ్చిన కొడుకును పూయకుండా వదిలేసి లెక్క చూసే తండ్రి ఎవడుంటాడు?

ఈ లెక్కలో మానినవాళ్లే మిగులుతారన్నది రెండో సంగతి. మానినవాడు మళ్లీ సంతకొచ్చి, బాగా పనిచేసిందని పదిమందిలో చెబుతాడు. చీము పట్టి, పాదం నల్లబడి, విశాఖ కేజీహెచ్‌లో మోకాలి కింద కాలు తీయించుకున్నవాడు అమ్మినవాడి దగ్గరికొచ్చి చెప్పడు. చెప్పాలనుకున్నా కొండెక్కి రాలేడు. అలా ఒక పక్క సాక్షులే నిలబడ్డ పంచాయతీలో వచ్చిన తీర్పును తరతరాల అనుభవం అంటున్నారు.

కాలమే చెడ్డదాన్ని వడకట్టేస్తుందంటారా? పుట్టిన బిడ్డకు బొడ్డు కోసినచోట బూడిదా ఆవుపేడా రాయడం కూడా తరతరాల వాడకమే. వారం తిరక్కుండా పసిగుడ్లు ధనుర్వాతంతో కొయ్యబారి పోతున్నా ఆ అలవాటు తనంతట తాను ఆగలేదు. గాలి సోకిందనుకున్నారు, దిష్టి తగిలిందనుకున్నారు. గర్భిణులకు టీటీ సూదులు వేసి, కాన్పు శుభ్రంగా చెయ్యడం నేర్పాకే తగ్గింది. నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా భారత్ గుర్తింపు పొందింది 2015లోనే. పేడ రాసిన తరాలు ఎన్నో లెక్కపెట్టుకోండి.

ఇక వేల ఏళ్ల మాట. పొలంగట్టు మీద పసుపు బొడ్డుతో తెల్లగా పూసే గడ్డి చామంతి, మనవాళ్లు గాయపాకని కూడా పిలిచే మొక్క, పుట్టింది అమెరికా ఖండంలో. ఐరోపా ఓడలు అటు దారి పట్టాకే అది మన గట్ల మీదికి చేరింది. పశువుల పుండులో పురుగులు పడితే నూరి కట్టే సీతాఫలం ఆకూ అంతే. వేదకాలం నాటి వైద్యమని చెప్పుకుంటున్నవాటిలో కొన్నింటి వయసు 500 ఏళ్లకు మించదు. అందులో చిన్నతనమేమీ లేదు. ఊరు తెలియని కొత్త మొక్క వస్తే మన పెద్దలు నమిలి చూశారు, నూరి చూశారు, పనికొచ్చిందనుకున్నది ఉంచుకుని కాదనుకున్నది పారేశారు. వాళ్లకు తెలిసిన పద్ధతిలో పరీక్షించారు. వాళ్ల వారసులమని చెప్పుకునేవాళ్లు ఆకును పట్టుకుని ఆ బుద్ధిని వదిలేశారు.

సాలూరు కుష్ఠు ఆస్పత్రి పేరు వినని ఉత్తరాంధ్రవాడు అరుదు. ఒకప్పుడు ప్రపంచమంతా ఆ జబ్బుకు వాడిన చాల్‌ముగ్రా నూనె మన ఉపఖండపు గింజల నుంచి తీసిందే. తరతరాల పేరు దానికీ ఉంది. 1940లలో సల్ఫోన్ మందులు వచ్చాక అది నిలవలేదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేశాక దాని ఊసే లేదు. ఆ నూనె పేరు నిలబెట్టడానికి కొత్త మందులు వద్దన్నవాళ్ల మాట నెగ్గి ఉంటే ఏమయ్యేదో సాలూరు చుట్టుపక్కల పాతకాలపు వేళ్లులేని చేతుల్ని చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

2. ప్రకృతిసిద్ధం, హాని లేదు

పలాస వెళ్లి జీడి పరిశ్రమలో గింజ కొట్టే ఆడవాళ్ల చేతులు చూడండి. జీడిగింజ పెంకులో ఉండే జిగురు నూనె తగిలితే చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది, నల్లగా మాడి పొరలు ఊడుతుంది. అందుకే పనిలో కూచునేముందు అరచేతులకు నూనె పట్టించుకుంటారు, బూడిద అద్దుకుంటారు. ఆ జిగురులో ఏ ఫ్యాక్టరీ ఏ రసాయనమూ కలపలేదు, చెట్టు తయారు చేసుకున్నదే. దాని దాయాది నల్లజీడి ఇంకా ఘాటు. చాకలి బట్టల మీద చెరగని గుర్తు పెట్టేది దాంతోనే, నొప్పులకూ బెణుకులకూ ఒంటి మీద చుక్క పెట్టేదీ దాన్నే. పడనివాళ్లకు చుక్క పెట్టినచోట మొదలై ఒళ్లంతా పొక్కి రసి కారుతుంది. చిత్రమూలం వేరు నూరి కడితే బొబ్బ లేస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఇవన్నీ కొండ వైద్యులకు తెలుసు. దేన్ని ఎంత వాడాలో, ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్లే వాళ్లు. ఆకు కాబట్టి హాని లేదనే మాట వాళ్లది కాదు, పట్నంలో పుట్టింది.

పైపూతే కదా అనడానికి, పుండు మీద చర్మమే లేదు. అడ్డుగోడ పోయినచోట పూసింది నేరుగా కండకు తగులుతుంది, నెత్తుట్లోకి దిగుతుంది. ఆకును నూరిన రాయీ, కలిపిన నీళ్లూ, పిసికిన చెయ్యీ అన్నీ ఆ మందులో భాగమే. మూలికల పూతల్లో గ్రాముకు ఎన్ని సూక్ష్మజీవులున్నాయో లెక్కపెట్టడం, స్టెఫైలోకాకస్, సూడోమోనాస్ లాంటి పుండు చెడగొట్టేవి బొత్తిగా లేవని చూసుకోవడం మామూలు ప్రయోగశాల పని. ఆ పని చేశాను అనగలిగిన డబ్బీ సంతలో ఒక్కటి చూపించండి.

కలబంద కన్నా సాధువైన మొక్క ఉందా? చిన్నపాటి కాలిన గాయాలకు అది మేలు చేస్తుందని చూపిన అధ్యయనాలున్నాయి. అదే కలబందను, ఆపరేషన్ కోత విడిపోయిన స్త్రీలకు పూసి చూశారు అమెరికాలో. 1991లో ఫలితం వచ్చింది: మామూలు డ్రెస్సింగ్ చేసినవాళ్లకు సగటున 53 రోజుల్లో మానింది, కలబంద పూసినవాళ్లకు 83 రోజులు పట్టింది. పక్కన పెట్టి చూడకపోతే ఆ నెల రోజుల తేడా ఎవరికీ తెలిసేది కాదు, మానింది కాబట్టి కలబందకే పేరొచ్చేది. ఒక గాయానికి మేలు చేసేది ఇంకో గాయానికి చెరుపు చెయ్యొచ్చు. ఏ గాయానికి ఏదో పోల్చి చూస్తేనే తెలుస్తుంది.

పనిచెయ్యకపోతే పోయేదేమీ లేదంటారు గానీ పోయేది కాలం. ఒంటి మీద పాలిపోయి స్పర్శ తెలియని మచ్చ వచ్చినప్పుడు తామరో బొల్లో అనుకుని ఆరు నెలలు పసరు పూసినవాడు, ఉచితంగా దొరికే కుష్ఠు మాత్రలకు ఆరు నెలలు దూరమైనట్టే; ఆలోగా నరాలు పాడైతే తిరిగి రావు. షుగరున్నవాడి అరికాలి పుండుకు ఇంకా తక్కువ గడువుంటుంది. వరినాట్లలో వేళ్ల సందుల్లో ఒరిసిన పుండే కదా అని పసుపుముద్ద కట్టుకుని తిరిగితే లోపల ఎముకకు పాకిన సంగతి తెలియదు, ఎందుకంటే షుగరు కాలికి నొప్పే తెలియదు. నొప్పి లేకపోవడాన్ని మందు గొప్పతనం అనుకుంటాడు.

3. రెండు రోజుల్లో తగ్గింది, కళ్లారా చూశాం

ఈ వాదం జనానికి బాగా పట్టింది, అమ్మేవాడికి బాగా పనికొస్తోంది. దీనిదగ్గర కొంచెం ఆగాలి.

సంతలో టార్పాలిన్ మీద పేర్చిన డబ్బీల్లోంచి ఒకటి చేతిలోకి తీసుకోండి. మూత మీద ఆకు బొమ్మ. కర్పూరం వాసన. లోపల వెన్నలా జారే లేతాకుపచ్చ పూత. లైసెన్సు నంబరు లేదు, బ్యాచి నంబరు లేదు, తయారైన తేదీ లేదు, ఏమేం కలిపారో లేదు. మూలికా మందు అమ్మాలన్నా ఇవన్నీ ఉండాలని చట్టం. అడిగితే, "ఇది ఆకు మందు బావూ, దీనికవన్నీ ఏటి?" అంటాడు. ఇంట్లో ఎప్పుడైనా ఆకు దంచి పసరు తీసినవాళ్లకు తెలుసు, అది పూట తిరిగేసరికి నల్లబడుతుంది, నాలుగు రోజులకు పులిసిన కంపు కొడుతుంది. నెలల తరబడి ఎండలో టార్పాలిన్ మీద కూచున్నా పచ్చగా, నున్నగా, కమ్మగా ఉండే పసరు ఏ కొండ మీదిది?

దురదా మంటా ఉన్న చర్మం మీద పూసిన ఒకటి రెండు రోజుల్లో ఎరుపు మాయమయ్యేలా చేసేది ప్రధానంగా ఒకటుంది: స్టీరాయిడ్. బెటామెథసోన్, క్లోబెటసాల్ లాంటివి. సరైన జబ్బుకు, సరైన మోతాదులో, సరైన గడువు వాడితే అవి మంచి మందులే. తెలియకుండా నెలలు వాడితే చర్మం పొరలా పల్చబడుతుంది, నరాలు తేలతాయి, చారలు పడతాయి, మొహాన వెంట్రుకలొస్తాయి. తామరకు పూస్తే పైకి అణిగి లోపల పాకుతుంది. ఆపిన వారానికి మొదటికన్నా ఎక్కువగా తిరగబెడుతుంది, మళ్లీ డబ్బీ కొనాలి. గాయం మానడాన్నయితే స్టీరాయిడ్ మందగింపజేస్తుంది. పూస్తే తగ్గడం, ఆపితే పొంగడం ఆకు లక్షణం కాదు.

ఇది ఊహ కాదు. 1999లో లండన్ వైద్యులు, రోగులు చర్మవ్యాధులకు వాడుతున్న 11 చైనా మూలికా పూతల్ని ప్రయోగశాలకు పంపితే 8 పూతల్లో డెక్సామెథసోన్ అనే స్టీరాయిడ్ దొరికింది. 2003లో బర్మింగ్‌హామ్‌లో తామరలాంటి ఎగ్జిమా ఉన్న పిల్లలకు తల్లిదండ్రులు పూస్తున్న మూలికా పూతలు 24 తీసి చూశారు. 20 పూతల్లో స్టీరాయిడ్లే, అందులోనూ ఎక్కువగా ఘాటైన రకాలు. ఆ తల్లిదండ్రులు పూస్తున్నది ఆకు మందేనని నమ్మినవాళ్లు! వాళ్లూ కళ్లారా చూశారు, రెండు రోజుల్లో తగ్గింది. పరీక్షలు కట్టుదిట్టంగా ఉన్న దేశంలోనే ఇలా ఉంటే, అడిగేవాడు లేని సంతలో డబ్బీని ఏ నమ్మకంతో పసిపిల్ల బుగ్గకు పూస్తున్నాం?

స్టీరాయిడ్ ఒక్కటే కాదు. కేరళలో 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని పరీక్షించిన వైద్యులు, వారిలో 15 మందిది అరుదైన ఒక రకమని గుర్తించారు. ఆ 15 మందిలో 13 మంది చర్మం తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లు. తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కలపడం పాత విద్యే. పూసింది చర్మానికి, చెడింది మూత్రపిండం. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం ఉన్న శ్రీకాకుళం జిల్లాలో ఈ మాట రెండుసార్లు వినాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బుకు పూత మందులు కారణమని నేననడం లేదు. అక్కడి కారణాల మీద చర్చ ఇంకా తెగలేదు. ఇప్పటికే కిడ్నీలు నీరసించిన ఊళ్లలో, లోపలేముందో తెలియని పూతను హానిలేనిదని అమ్మడం దుర్మార్గమని మాత్రం అంటున్నాను. మూలికా మందుల్లో పాదరసం పది లక్షల భాగాలకు 1 భాగం, సీసం 10 భాగాలు మించకూడదని హద్దులున్నాయి. కొలవకుండా హద్దు దాటలేదని ఎవరు చెప్పగలరు?

స్టీరాయిడ్ కలిసిందో లేదో చూడ్డం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. సిలికా పూసిన చిన్న గాజు పలక. డబ్బీలోంచి చిటికెడు తీసి ద్రావణిలో కరిగించి పలక అంచున ఒక చుక్క, పక్కనే అసలు స్టీరాయిడ్ ద్రావణం చుక్క. పలకను ద్రావణిలో నిలబెడితే తడి పైకి పాకుతుంది, చుక్కల్లోని పదార్థాలు వేటి ఎత్తుకు అవి వెళ్లి ఆగుతాయి. 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద పెడితే నల్లని మచ్చలు కనిపిస్తాయి. రెండు మచ్చలూ ఒకే ఎత్తున నిలిచాయంటే అనుమానం బలపడినట్టే, ఆపైన పెద్ద యంత్రంతో ఖాయం చేసుకోవచ్చు. ఒక పూట పని. విజయనగరం, ఎచ్చెర్ల వైపు ఫార్మసీ కాలేజీల్లో కుర్రాళ్లు మార్కుల కోసం చేసే ప్రయోగమే. ఆ పలక ముందుకు డబ్బీని తీసుకురావడానికి అమ్మేవాడు ఎందుకు జంకుతున్నాడన్నది నా ప్రశ్న. ఆకు మీద ప్రేమతోనైతే కాదు.

4. ఇంగ్లీషు మందులకు లేవా దుష్ఫలితాలు?

ఉన్నాయి. పరీక్షించారు కాబట్టే ఉన్నాయని తెలిసింది. చర్మానికి పూసే స్టీరాయిడ్లను చీటీ లేకుండా ఇష్టారాజ్యంగా అమ్ముతున్నారని చర్మవైద్యులు గోల చేశాక 2018 మార్చిలో కేంద్రం 14 రకాల్ని చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. మందుల షాపులో ఇప్పటికీ చీటీ అడక్కుండా ఇచ్చేస్తారు, ఊరి ఆర్‌ఎంపీ ఇప్పటికీ రాసేస్తాడు. ఆ తప్పును తప్పనడానికి మన చేతిలో ఒక నిబంధన ఉంది. పక్కవాడి ఇంట్లో దొంగ పడ్డాడు కాబట్టి మన ఇంటికి తలుపు అక్కర్లేదనడం ఏం తర్కం?

5. ఎలుకల మీద రుజువైంది

ఇక రెండోవైపు నుంచి వచ్చే అతి. ఆకు సారం తీసి వేజిలీన్‌లో కలిపి, మత్తిచ్చిన తెల్లెలుక వీపున చర్మం గుండ్రంగా కోసి, పూసి, రోజురోజూ కొలిచి, ఇన్ని రోజుల్లో మూసుకుందని రాస్తారు. వాపుకైతే ఎలుక పాదంలోకి కారజీనన్ ఎక్కించి వాచేలా చేసి మందుతో ఎంత తగ్గిందో చూస్తారు. ఈ వాపు పరీక్షను 1962లో వింటర్ అనే శాస్త్రవేత్త బృందం ప్రవేశపెట్టింది. ఆకులో ఏదైనా సరుకుందా లేదా అని తొలిచూపు చూడ్డానికి ఇవి పనికొస్తాయి, అంతవరకే.

ఎలుక చర్మం కింద పల్చటి కండర పొర ఒకటుంటుంది, దాని గాయం చాలామటుకు అంచులు దగ్గరికి లాక్కుని మూసుకుంటుంది. మనిషి గాయం కొత్త కండ పట్టి, పైచర్మం అంచుల నుంచి పాకి మానుతుంది. దారే వేరు. దానికితోడు కోసింది ఆరోగ్యమైన ఎలుకను, శుభ్రమైన గదిలో, పదునైన కత్తితో. మనవాడి పుండు బురదలో పుట్టింది, షుగరుతో పెరిగింది. ఇంకో మెలిక: అదే 1962లో, వాపు పరీక్ష పెట్టిన వింటర్‌తో సంబంధంలేని ఇంకో వింటర్, పందుల మీద చూసి తడిగా కప్పి ఉంచిన గాయం ఆరబెట్టిన గాయం కన్నా దాదాపు రెట్టింపు వేగంతో మూసుకుంటుందని చెప్పాడు. అంటే వేజిలీన్, తేనెమైనం, నెయ్యి లాంటి జిడ్డు ఒక్కటే పూసినా కొంత మేలు జరుగుతుంది. ఆకు కలపని ఉత్త జిడ్డును పక్కన పెట్టి పోల్చని పరిశోధన ఆకు గురించి ఏమీ చెప్పదు, ఎన్ని పేజీలున్నా సరే.

గడ్డి చామంతి మీద మన దేశంలో 1980ల మొదట్లోనే ఎలుకల ప్రయోగాలు వచ్చాయి. స్టీరాయిడ్ వల్ల మందగించిన గాయాన్ని ఆ ఆకు సారం తిరిగి దారిలో పెట్టగలదన్న ఆశ అప్పుడే కనిపించింది. నలభై ఏళ్లు గడిచాయి. ఎలుకల దగ్గరే రుజువైపోయిందని చంకలు గుద్దుకోవడంతో ఆ ఆకు మనిషి దగ్గరికి రాలేదు. ఆస్పత్రి డ్రెస్సింగు ట్రేలో దానికి చోటు లేదు. ఈలోగా దాని బొమ్మ మూత మీద వేసి లోపల స్టీరాయిడ్ పెట్టే వ్యాపారానికి దారి తెరుచుకుంది.

6. పరీక్ష కంపెనీలకే చెల్లుతుంది, కొండవాడి నోట్లో మట్టి కొడుతుంది

ఈ భయం నిజమైంది, దీనికి గౌరవంగానే జవాబివ్వాలి.

ముందు ఎవర్ని పరీక్షించమంటున్నానో తేల్చుకుందాం. వాకిట్లో పసరు పిండి మనవడి మోకాలికి పూసే ముసలమ్మను ఎవరూ అడగడం లేదు. ఊళ్లో ఎజ్జోడు, అంటే నాటు వైద్యుడు, పిలిస్తే వచ్చి కట్టే ఆకుకట్టు మీదా ఎవరూ దాడి చెయ్యడం లేదు. డబ్బీలో పెట్టి, పేరు పెట్టి, జబ్బు తగ్గుతుందని చెప్పి, ముఖం తెలియనివాడికి అమ్మే సరుకు గురించి ఈ మాట. దానికీ చట్టం కఠినంగా లేదు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లో 158-బి ప్రకారం పాత గ్రంథాల్లో ఉన్న యోగాన్ని, అందులో చెప్పిన జబ్బుకే అమ్మితే మనుషుల మీద పరీక్షలు చేసి చూపనక్కర్లేదు. సొంతంగా కలిపిన యోగానికే కొద్దిపాటి అధ్యయనం చూపమంటుంది. ఈమాత్రం కూడా బరువేనంటే మొయ్యాల్సింది ఎవరు, పూసుకున్నవాడి చర్మమా?

ఖర్చంటారు. మొదటి మెట్టు గాజు పలక, సూక్ష్మజీవుల లెక్క, లోహాల కొలత. రెండో మెట్టు వీపు మీద పట్టీ వేసి 48 గంటల తర్వాత తీసి దద్దుర్లు వచ్చాయేమో చూడ్డం. మూడోది, పనిచేస్తుందా అన్నది. దానికి వేలమంది అక్కర్లేదు. ఐరోపాలో బిర్చి చెట్టు బెరడు సారంతో చేసిన ఒక జెల్‌ను ఎలా పరీక్షించారో చూడండి. చర్మం అతకడానికి తొడ మీద నుంచి పొర తీసినచోట ఏర్పడ్డ గాయాన్ని రెండు సగాలు చేశారు. ఒక సగానికి జెల్, ఇంకో సగానికి అది లేకుండా కట్టు. మనిషి ఒకడే, షుగరు ఒకటే, తిండి ఒకటే. ఫొటోలు తీసి, ఏ సగం ఏదో తెలియనివాళ్లకు ఇచ్చి ఏది ముందు మూసుకుందో చెప్పమన్నారు. అది నెగ్గి 2016లో ఐరోపా అనుమతి తెచ్చుకుంది. చెట్టు బెరడే! తేనె సంగతీ అలాగే తేలింది. 26 అధ్యయనాలు కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో, పైపైన కాలిన గాయాలు తేనెతో మామూలు కట్టు కన్నా నాలుగైదు రోజులు ముందు మానాయని కనిపించింది. కాలి సిరల పుండ్లకు అంత ఫలితం కనపడలేదు. పరీక్ష తేనెను చంపిందా? ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడనక్కర్లేదో చెప్పింది. మన జిల్లాల్లో బోధనాసుపత్రులున్నాయి, ఎథిక్స్ కమిటీలున్నాయి, అధ్యయనం మొదలుపెట్టేముందు నమోదు చేసుకోవడానికి 2007 నుంచి జాతీయ రిజిస్ట్రీ ఉంది. లేనిది అడిగేవాడు.

ఇక దోపిడీ. ఈ మాట వచ్చినప్పుడల్లా పసుపు పేటెంటు కథ చెబుతారు. చెప్పాల్సిందే, కానీ పూర్తిగా చెప్పాలి. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద మిసిసిపీ విశ్వవిద్యాలయానికి 1995లో అమెరికా పేటెంటిచ్చింది. మన సీఎస్ఐఆర్ సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. అప్పట్నుంచి, పసుపు గాయాలు మాన్పుతుందని అమెరికాయే ఒప్పుకుందని మనవాళ్లు చెప్పుకుంటున్నారు. ఒప్పుకున్నది అది కాదు. ఇది కొత్త సంగతి కాదు, ముందే తెలిసినదని ఒప్పుకుంది. పనిచేస్తుందా లేదా అన్నది అక్కడి తగవే కాదు. మరి గెలిపించిందేమిటి? రాసిపెట్టిన కాగితం. పాత సంస్కృత గ్రంథాలు, 1953లో భారతీయ వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం. మా తాత పూసేవాడన్న నోటిమాట ఆ పేటెంటు ఆఫీసులో ఒక్క నిమిషం నిలిచేది కాదు. రాసి, చూసి, అచ్చువేసిన జ్ఞానాన్ని దొంగిలించడం కష్టం. సంతలో గాలికి తిరిగే జ్ఞానాన్ని ఎవడైనా ఎత్తుకుపోవచ్చు.

పరీక్షించాక కొండవాడికి వాటా దక్కిన దాఖలా కూడా ఉంది. కేరళ అగస్త్య కొండల్లో కాణి గిరిజనులు నీరసం రాకుండా నమిలే ఆరోగ్యపచ్చ మొక్కను తిరువనంతపురం ఉష్ణమండల వృక్షోద్యాన సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించి మందు తయారు చేశారు. 1995లో ఒక ఆయుర్వేద సంస్థకు హక్కిస్తూ 10 లక్షల రూపాయల రుసుము, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీ రాయించుకుని, అందులో సగం కాణీలకని ఒప్పుకున్నారు, వాళ్ల పేర ట్రస్టు పెట్టారు. ఆ ఏర్పాటు తర్వాత సాఫీగా సాగలేదు, అడవి శాఖతో తగాదాలొచ్చాయి, ఆకు దొరకడమే కష్టమైంది. లోపాలున్నాయి. అయినా చెప్పినవాడి పేరు కాగితం మీదికెక్కింది. మన సవర ముసలాయన చెప్పిన ఆకుకు అదీ లేదు. ఆయన ఆకు బొమ్మతో ఇంకొకడు స్టీరాయిడ్ అమ్ముతున్నాడు, రేపు ఆ డబ్బీ వికటిస్తే చెడ్డపేరు మాత్రం ఆయన ఆకుకొస్తుంది.

పరీక్ష వద్దనేవాళ్లు ఎవర్ని కాపాడుతున్నారో ఇప్పుడు చెప్పాలి. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి కొండ సరుకు కొంటోంది. చింతపండూ తేనే తూచి కొన్నట్టు, గాయపు మందులు తెలిసినవాళ్ల దగ్గర ఆ తెలివినీ వాళ్ల పేరు మీద రాయించుకోవచ్చు. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏలు వారపు సంతల్లో డబ్బీలు నమూనాకు తీసి పక్క కాలేజీ గాజు పలక మీద పెట్టించవచ్చు. బోధనాసుపత్రి చర్మ విభాగం రెండు మూడు ఆకులెంచుకుని సగం గాయం పద్ధతిలో చూడవచ్చు, షుగరున్నవాళ్లనూ లోతు పుండ్లనూ పక్కనపెట్టి, టీటీ వేసి. వచ్చిన ఫలితం ఇంగ్లీషు పత్రికలో దాచుకోకుండా ఆ సంత దగ్గర గోడ మీదే తెలుగులో అంటించాలి: పనిచేసిందని తేలితే ఆ ఆకు చెప్పినవాళ్ల ఊరి పేరుతో, స్టీరాయిడో పాదరసమో దొరికితే అమ్మినవాడి పేరుతో.